కామాక్షయ్య కట్టిన ఎర్ర ట్యాగ్

ముత్తుకూరు జడ్సన్ ఒక మనిషిని నవ్వించి చంపాడు. చంపింది చాలక, ఆ తర్వాత మూడేళ్ళపాటు అదే మనిషిని నవ్విస్తూనే ఉన్నాడు.

చంపాడు అనడం కాస్త ఎక్కువే. గుండె ఆగి పోయాడని నెల్లూరు ఆసుపత్రిలో అన్నారు. గుండె ఆగాలంటే ఎవరూ జోకు చెప్పనక్కర్లేదు. కాబట్టి మొదటి మాటను సగం వెనక్కి తీసుకోవచ్చు. రెండో మాటతోనే చిక్కు. ఆ నవ్వు విన్నది జడ్సన్ ఒక్కడే కాదు, కంట్రోల్ రూమంతా విన్నది.

జడ్సన్‌ది బాప్టిస్టుల ఇల్లు. తల్లి ఎలిశబెతు నర్సు. పిల్లవాడు ఆరో తరగతిలోనే పాస్టరు గారి గొంతుతో ప్రార్థన చేస్తే, వంటగదిలో ఉన్న ఆడవాళ్ళు పాస్టరు గారే వచ్చారనుకుని ముసుగులు సర్దుకున్నారు. విన్నది విన్నట్టు పట్టేసే పిల్లవాడు ఇంజనీరు కాక ఏమవుతాడని ఎలిశబెతు తేల్చేసింది. అన్నట్టే అయ్యాడు. ముత్తుకూరు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక థర్మల్ కేంద్రంలో కంట్రోల్ రూమ్ ఉద్యోగం వచ్చింది. కొడవలూరు టీచరమ్మ మెర్లిన్‌తో పెళ్ళయింది.

ఆ కేంద్రంలో గోడలకూ స్తంభాలకూ తగిలించిన ఎర్ర ఫోన్లు ఉండేవి. పేజింగ్ ఫోన్లు అనేవారు. ఒకటి ఎత్తి మాట్లాడితే బాయిలర్ దగ్గర, బొగ్గు బెల్టుల దగ్గర, సముద్రం పంప్ హౌస్ దగ్గర, ఎక్కడ ఫోను ఎత్తినా వినబడుతుంది. ఎత్తినవాడు ముందు తానెక్కడున్నాడో, తన పేరేమిటో చెప్పాలి. అది అక్కడి నియమం. మధ్యాహ్నం భోజనాల తర్వాత కళ్ళు మూతలు పడే వేళ జడ్సన్ ఆ ఫోను ఎత్తి, షిఫ్ట్ ఇన్‌చార్జ్ జయరామయ్య గారి గొంతుతో మాట్లాడేవాడు. జయరామయ్యకు ఏ కొంప మునిగినా "ఏం లేదు, ఏం లేదు" అని మొదలుపెట్టే అలవాటు. జడ్సన్ ఫోనులో, "బాయిలర్ ఆగింది. ఏం లేదు, ఏం లేదు. చీఫ్ గారు దార్లో ఉండారు. ఏం లేదు, ఏం లేదు. మనకెవురికీ రేపట్నుంచి డ్యూటీ లేదు, అంతే" అనేవాడు. అసలు జయరామయ్య పక్క కుర్చీలోనే కూర్చుని, విననట్టు మజ్జిగ తాగేవాడు.

లైనంతా నవ్వేది. అందులో ఒక నవ్వు వేరుగా తెలిసేది. "సముద్రం పంప్ హౌస్, కామాక్షయ్య" అని నియమం ప్రకారం పేరు చెప్పి మరీ నవ్వేవాడు ఆ మనిషి. పక్క పల్లెలో వేటకు పోయే ఇంటివాడు. చూపు తగ్గి పడవ మాని పంప్ హౌస్‌లో చేరాడు. అతని నవ్వు ముందు దగ్గులా మొదలయ్యేది. తర్వాత ఊపిరి లోపలికి లాగుతుంటే సన్నని ఈల. ఈల ఆగిన చోట మూడు చిన్న దెబ్బలు, పడవ అంచు మీద ఎవరో వేలితో తట్టినట్టు. ఆ మూడు దెబ్బలూ పడితే జోకు పండినట్టే అని జడ్సన్ లెక్క.

ఆ రోజు మధ్యాహ్నం జెల్లీచేపలు వచ్చి పాత పంపు జాలీకి అడ్డంపడ్డాయి. యంత్రంలో చేయి పెట్టేముందు దాన్ని ఆపి, పని చేసేవాడు తన పేరున్న ఎర్ర ట్యాగ్ స్విచ్చికి కట్టాలి. ఆ ట్యాగ్ ఉన్నంతసేపూ ఎవరూ యంత్రాన్ని ముట్టరు. కట్టినవాడే విప్పాలి. వాడు విప్పలేకపోతే, ఆ పని అప్పగించిన ఇంజనీరు స్వయంగా వచ్చి, పేరు పెట్టి గట్టిగా పిలిచి, మనిషి లోపల లేడని తేల్చుకుని విప్పాలి. పని అప్పగించింది జడ్సనే. కామాక్షయ్య ట్యాగ్ కట్టి, జాలీ కడిగి, అలసటగా గోడకు ఆనుకుని ఫోను ఎత్తాడు.

జడ్సన్ జయరామయ్యగా మాట్లాడుతున్నాడు. అవతల దగ్గు మొదలైంది. ఈల మొదలైంది. ఈల సగంలో తెగింది. మూడు దెబ్బలు పడలేదు.

ఏదో జరిగిందని జడ్సన్‌కు వెంటనే తెలిసింది. "పంప్ హౌస్‌కు అంబులెన్సు పంపండి" అని ఫోనులో అరిచాడు. కానీ గొంతు మారలేదు. అతని సొంత గొంతు ఎక్కడికో పోయింది, జయరామయ్య గొంతే వచ్చింది. "ఏం లేదు, ఏం లేదు, కామాక్షయ్య పలకడం లేదు, అంబులెన్సు పంపండి" అని లైనంతా వినబడింది. లైనంతా పగలబడి నవ్వింది. మళ్ళీ చెప్పాడు, మళ్ళీ నవ్వారు. చివరికి అసలు జయరామయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఫోను లాక్కుని అవే మాటలు చెబితే, అది అన్నిటికంటే బాగుందని ఇంకా ఎక్కువ నవ్వారు. బండి కదిలేసరికి కొన్ని నిమిషాలు పోయాయి. ఆ నిమిషాలు ఉంటే మనిషి దక్కేవాడో కాదో ఏ డాక్టరూ చెప్పలేదు, జడ్సన్ అడగలేదు. కామాక్షయ్య ఫోను ఒళ్ళో పెట్టుకుని, నవ్వబోయే ముఖంతోనే కూర్చుని ఉన్నాడు.

ట్యాగ్ అలాగే వేలాడింది. కట్టినవాడు విప్పడు. విప్పాల్సిన ఇంజనీరు రేపు, రేపు అన్నాడు. కొత్త పంపు వచ్చింది గనుక పాతదాని అవసరం పడలేదు. పంప్ హౌస్‌లో కెమెరాలు పెట్టి మనుషుల్ని తీసేశారు. అక్కడి ఎర్ర ఫోను కూడా ఊడదీసి స్టోరుకు పంపారు. గోడకు ఇనుప కొక్కెం, టేపు చుట్టిన తీగ మొదలు మిగిలాయి. కానీ ఆ కేంద్రం నియమం ప్రకారం, ట్యాగ్ వేలాడుతున్న మనిషి ఇంకా పని ముగించి బయటికి రానట్టే.

చాలా నెలలు జడ్సన్ ఫోను ముట్టలేదు. షిఫ్టు మొత్తం నిద్రమొహాలు వేసింది. ఆఖరికి జయరామయ్యే, "నన్ను ఎక్కిరించేవాడు లేక నాకే తోచడం లేదబ్బా, ఒకసారి అను" అన్నాడు. జడ్సన్ ఎత్తి, ఆయన గొంతుతో నాలుగు మాటలు అన్నాడు. ఎవరూ నవ్వేలోపే లైనులో మూడు దెబ్బలు పడ్డాయి. అంతే. దగ్గు లేదు, ఈల లేదు, ఆ రోజు తెగిపోయిన చోటి నుంచి మిగిలిన మూడు దెబ్బలు మాత్రమే.

"ఎవరది? ఎక్కడినుంచి?" అని జయరామయ్య అడిగాడు. లైను పలకలేదు. అలలు వెనక్కి పోయేటప్పుడు ఇసుక చేసే చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

మరుసటిసారి నవ్వు మొత్తం వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళు బొగ్గువైపు ఎవరో నవ్వారనుకున్నారు. పాతవాళ్ళు మీటర్లలోంచి తల ఎత్తలేదు. ఒక్క సంగతి మాత్రం అందరూ గమనించారు. ఆ నవ్వు ఇప్పుడు పేరు చెప్పడం లేదు.

ఆ రోజుల్లోనే జడ్సన్ స్టేజీ ఎక్కాడు. మొదట చర్చి యువజనుల క్రిస్మస్ కార్యక్రమంలో. కరెంటు తయారు చేసే అల్లుడి కథ చెప్పాడు. కొడవలూరులో కరెంటు పోయినప్పుడల్లా మెర్లిన్ వాళ్ళమ్మ ఫోను చేసి, "ఏం నాయనా, మా మీద అలిగినావా?" అని అడుగుతుందని అత్తగారి గొంతుతో చెప్పి ఆగాడు. సంఘమంతా గంభీరంగా "ఆమెన్" అంది. మైకులో మాట్లాడే మనిషి ఆగితే వాళ్ళకు అనడం తెలిసింది అదొక్కటే. తర్వాత నెల్లూరులో ఒక కాఫీ హోటలు మేడ మీద, ఆదివారం సాయంత్రాలు కుర్రకారు చేరి హాస్యం చెప్పుకునే చోట నిలబడ్డాడు. అక్కడ నవ్వారు. ఎందుకు నవ్వారో జడ్సన్‌కు తెలుసు. ఆ కథను వారంలో ముందే ఎర్ర ఫోనులో చెప్పి చూశాడు, మూడు దెబ్బలు పడ్డాయి.

అదే అతని పద్ధతి అయింది. ఫోనులో నవ్వు వచ్చినది నెల్లూరులో పండింది. రానిది ఎండింది. ఒక్కసారీ తప్పలేదు. వీడియోలు పాకాయి. చెన్నై తెలుగువాళ్ళు పిలిచారు, విజయవాడ వాళ్ళు పిలిచారు. పాస్టరు, జయరామయ్య, అత్తగారు, లారీ డ్రైవరు, ఎవరి గొంతైనా వచ్చేది. సొంత గొంతుతో ఒకసారి చెప్పి చూస్తే లైను మౌనంగా ఉండిపోయింది. నెల్లూరులో కూడా ఎవరో దగ్గి ఊరుకున్నారు. ఇంకెప్పుడూ ఆ పని చేయలేదు.

తర్వాత తర్వాత నవ్వు తొందరపడసాగింది. ముందు కథ చివరి మాట కంటే ముందే వచ్చింది. కొన్నాళ్ళకు జడ్సన్ మొదటి మాట అనకముందే దగ్గు మొదలయ్యేది. ఒక మధ్యాహ్నం భోజనం చేసి చేతులు కడుక్కుంటూ ఏదో తట్టి మనసులో అనుకున్నాడు. పెదవి కదపలేదు. గోడకు తగిలించి ఉన్న ఫోను, ఎవరూ ఎత్తకుండానే, తగిలించిన చోటే సన్నగా ఈల వేసింది.

ఇంట్లో మెర్లిన్ ఇంకొకటి కనిపెట్టింది. భర్త ఏది చెప్పినా, చెప్పి ఎడమవైపు తల వంచి ఒక్క క్షణం ఆగుతున్నాడు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినా సరే.

"నువ్వు మాకు చెప్పడం లేదు జడ్సన్" అంది ఒకరోజు. "ఇంకెవురికో చెప్తా ఉండావు. మేము పక్కన నిలబడి ఇంటా ఉండాము."

జడ్సన్ నవ్వబోయాడు. నవ్వే ముందు ఎడమవైపు వంగాడు. అది తనకే తెలిసి నోరు మూసుకున్నాడు.

హైదరాబాదు వాళ్ళు ఏడాది పొడవునా ప్రదర్శనలు ఇప్పిస్తామన్నారు. అతను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఎలిశబెతు అన్నం మానేసి, కోడలు బతిమాలితే మళ్ళీ తింది. జయరామయ్య మాత్రం కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నిన్ను పంపేదానికి నాకేం అడ్డం లేదు అబ్బయా" అన్నాడు చివరికి. "నీ కింద ఒక్క ట్యాగ్ మిగిలుండాది. అది ఇప్పితేనే పంపగలను. లేదంటే ఉండిపో. ట్యాగూ ఉంటాది, నువ్వూ ఉంటావు, ఎవురికీ నష్టం లేదు."

జడ్సన్‌కు విషయం సూటిగా అర్థమైంది. ట్యాగ్ విప్పితే కామాక్షయ్య డ్యూటీ దిగిపోతాడు. ఆ నవ్వు పోతే ఏది నవ్వొచ్చేదో, ఏది కాదో చెప్పేవాడు ఉండడు. వందలమంది ముందు నిలబడ్డ తన దగ్గర ఇతరుల గొంతులు తప్ప ఏమీ మిగలవు. విప్పకపోతే, ఉన్న ఆ ఒక్క శ్రోత కోసం జన్మంతా మీటర్లు చూస్తూ కూర్చోవాలి.

వెళ్ళేముందు కామాక్షయ్య భార్య కామమ్మకు చెప్పాలని మెర్లిన్ పట్టుబట్టింది. ఆమె మొగుడి ట్యాగ్ కదా, ఆమెకు తెలియకుండా విప్పడం ఏమిటంది. పల్లెలో కామమ్మ ఇంటి ముందు పట్ట పరిచి ఎండు రొయ్యలు ఏరుతోంది. జడ్సన్ ఎలాగో మాట కూడదీసుకుని ట్యాగ్ సంగతి, నవ్వు సంగతి చెప్పాడు. అంబులెన్సు సంగతి చెప్పలేకపోయాడు. ఆమె భయపడలేదు. రొయ్యలు ఏరే చేయి మాత్రం ఆగింది.

"ఆయన నవ్వేవాడా?" అంది.

జడ్సన్ తల ఊపాడు.

"ఇంట్లో ఎప్పుడూ నవ్వింది లేదు నాయనా. ఇన్నేళ్ళ కాపరంలో నేను ఇనలా. అన్నం తినేవాడు, వల బాగుచేసుకునేవాడు, పొణుకునేవాడు." తల ఎత్తి, "అంత బాగా అందురి గొంతులూ చేస్తావంట కదా. ఆ నవ్వు ఒకసారి నాకు ఇనిపించు" అంది.

జడ్సన్ ప్రయత్నించాడు. జీవితంలో మొదటిసారి ఒక గొంతు అతనికి రాలేదు. పంప్ హౌస్ దగ్గరికే వస్తే వినబడుతుందేమో అన్నాడు. కామమ్మ రొయ్యల మీద గోనెసంచి కప్పి లేచింది.

మిట్టమధ్యాహ్నం జడ్సన్, కామమ్మ పంప్ హౌస్‌కు చేరారు. గాలి లేదు. సరుగుడు చెట్లు ఒక్క ఆకు కదపకుండా నిలబడ్డాయి. ఒడ్డున కాకులు కూడా లేవు. ఆ వేళ కేంద్రం మరమ్మతుకు ఆగి ఉండడంతో ఎప్పుడూ ఉండే హోరు కూడా లేదు. లోపల పాత పంపు తుప్పు పట్టి ఉంది. స్విచ్చికి ట్యాగ్, ఎరుపు పోయి ఇటుకపొడి రంగులో. కామాక్షయ్య పేరు మాత్రం నిన్న రాసినట్టుంది.

జడ్సన్ నియమం ప్రకారం గొంతు ఎత్తి, "కామాక్షయ్య గారూ, పని అయిందా? ట్యాగ్ విప్పుతున్నాను. బయటికి రండి" అని పిలిచాడు. గది ఆ మాటలు తిరిగి అనలేదు. మింగేసింది. మళ్ళీ పిలిచాడు.

గోడమీద, ఫోను లేని కొక్కెం దగ్గర, ఎవరో ఫోను ఎత్తినప్పుడు వచ్చే చిన్న టక్కు వినిపించింది. తర్వాత ఊపిరి.

"ఇంకోటి చెప్పు సారూ."

కామమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయనే" అంది. "చేప ముక్క ఇంకోటి అడిగినట్టే అడుగుతా ఉండాడు."

జడ్సన్ ట్యాగ్ దారం పట్టుకున్న చేత్తోనే జయరామయ్య గొంతు ఎత్తుకున్నాడు. నవ్వు రాలేదు. అత్తగారి గొంతుతో చెప్పాడు. రాలేదు. పాస్టరు, లారీ డ్రైవరు, వరసగా అన్నీ చెప్పాడు. అవన్నీ విన్నవే. కొక్కెం దగ్గర ఊపిరి మాత్రం ఓపిగ్గా వేచి ఉంది. చెమట కళ్ళలోకి కారింది. దారం విప్పలేడు, వదలలేడు. గొంతులన్నీ అయిపోయాయి. అప్పుడు, చెప్పడానికి ఇంకేమీ మిగలక, ఆ రోజు సంగతి తన సొంత గొంతుతో మొదలుపెట్టాడు.

ఈల తెగగానే తాను అంబులెన్సు అని అరిచిన సంగతి, అరిచింది జయరామయ్య గొంతుతో అయిన సంగతి, లైనంతా నవ్విన సంగతి. అసలు జయరామయ్య అరిస్తే జడ్సన్ ఇవాళ బాగా చేస్తున్నాడని అంబులెన్సు డ్రైవరు మెచ్చుకున్న సంగతి. బండి ఆలస్యమైన సంగతి. ఎక్కడా ఆగలేదు. ఎడమవైపు వంగలేదు. కామమ్మ ముఖంలోకి చూస్తూ చెప్పాడు, ఎందుకంటే వినాల్సిన మనిషి ఆమె.



"అంబులెన్సుకు గూడా ఆ సారు గొంతేనా?" అంది కామమ్మ.

"ఆయన గొంతే అమ్మా. నాది రాలా."

కామమ్మ దగ్గింది. దగ్గు కాదది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, భుజాలు కదులుతున్నాయి, కొంగు వెనక నుంచి ఊపిరి లోపలికి లాగుతుంటే సన్నని ఈల వచ్చింది. తాను ఎన్నడూ వినని భర్త నవ్వు ఆమె నోట్లోంచి అచ్చంగా వస్తోంది. ఈల చివరిదాకా వెళ్ళి ఆగింది. ఆమె రెండు చేతులూ నోటిమీదే ఉన్నాయి. మూడు దెబ్బలు మాత్రం పాత పంపు లోపలినుంచి పడ్డాయి.

దారం జడ్సన్ చేతిలో దానంతట అదే తెగి వచ్చింది. బయట సరుగుడు చెట్లు ఒక్కసారిగా ఊగాయి. కామమ్మ ముఖం తుడుచుకుని, క్షమించాననిగానీ లేదనిగానీ అనకుండా, "పదా నాయనా, రొయ్యలకు కాకులొస్తాయి" అని ముందు నడిచింది.

ఆ వారం నెల్లూరులో అతను ఉద్యోగం లేని మనిషిగా స్టేజీ ఎక్కాడు. ఎర్ర ఫోనులో చెప్పి చూడనిది, ఎవరి గొంతూ అరువు తెచ్చుకోనిది మొదటిసారి చెప్పాడు. హాలు చల్లగా ఉండిపోయింది. అయినా ఆగకుండా, ఎదురుగా కూర్చున్నవాళ్ళ వైపే చూస్తూ చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఎక్కడో ఒక ముసలాయన నవ్వాడు, మామూలు నవ్వు, పళ్ళు లేని నవ్వు. తర్వాత ఆయన వరుస, తర్వాత హాలంతా. మెర్లిన్ కూడా నవ్వింది. ఆ రోజు జడ్సన్ సరాసరి ఆమె వైపు తిరిగి ఉన్నాడు.

ఆ తర్వాత హైదరాబాదులో ఉండగా జయరామయ్య ఫోను చేశాడు. కుశలం అడగలేదు.

"ఊళ్ళోకొచ్చి చెప్పకుండా ఆటలాడతా ఉండావా?" అన్నాడు.

తాను ఊళ్ళో లేనని జడ్సన్ చెప్పాడు. రోజూ మధ్యాహ్నం భోజనాల తర్వాత లైనులో కథ వినబడుతోందని జయరామయ్య నెమ్మదిగా చెప్పాడు. గొంతు జడ్సన్‌దే, ఎవరిదీ అనుకరించని సొంత గొంతు. నియమం ప్రకారం ముందు పేరు కూడా చెబుతోందట, సముద్రం పంప్ హౌస్, జడ్సన్ అని. కథ అయ్యాక పక్కనే ఎవరో నవ్వుతున్నారట.

"పోయి చూసినాను" అన్నాడు జయరామయ్య. "స్విచ్చికి కొత్త ట్యాగ్ ఉండాది. ఎర్రగా నిగనిగలాడతా ఉండాది. ఎవురి పేరుందో నేను చదవలేదబ్బా. ఇంక చదవను."

జడ్సన్ ఇప్పుడు ఊళ్ళు తిరుగుతున్నాడు, జనం టిక్కెట్టు కొని వస్తున్నారు. ముత్తుకూరు చర్చి మెట్ల మీద ఎవరైనా ఈ సంగతి ఎత్తితే చెప్పులు వేసుకుంటూ ఒక్క తీరుగానే చెబుతాడు.

"అంతా అబద్ధం. కామాక్షయ్య అనే మనిషి మా ప్లాంటులో లేడు. సముద్రం వైపు నేను ఎప్పుడూ పోలేదు. నాకు షిఫ్టులు పడక నడుం నొప్పొచ్చింది, మానేసినాను. ఇందులో ఒక్క ముక్క గూడా జరగలేదు."